ఆరుసార్లు కలవాల్సిన పెదవులు

మా ఆఫీసు మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద గాజుపెట్టెలో ఒక బహుమతి ఉంటుంది. ఒక ఏడాది వచ్చిన సాహసాల వీడియో గేములన్నిటిలోకీ మా ఆటలోనే బొమ్మల ముఖాలు సహజంగా కదిలాయని ఇచ్చారు. కింద ఇత్తడి రేకు మీద లుడోవిక్ కెన్‌విల్ పేరు చెక్కించారు. లుడోవిక్ జన్మలో ఏ బొమ్మ పెదవినీ కదిలించి ఎరగడు. కదిలేది అతని నోరొక్కటే, అది ఆగి కూడా ఎరగదు. సొమ్మొకడిది, సోకొకడిది. రోజూ పొద్దున్నే ఆ పెట్టె ముందునుంచి నడిచి నా కుర్చీకి వెళ్ళాలి. రోజూ పొద్దున్నే నా ఒళ్ళు మండుతుంది.

ఆ ముఖాలు కదిలించింది సొలాంజ్ అర్సెనో. ఆవిడ పేరు ఆ రేకు మీద లేదు. బహుమతి వచ్చేనాటికి ఉద్యోగంలో ఉన్నవాళ్ళ పేర్లే వేయాలని రూలట. ఆవిడ ఎందుకు ఉద్యోగంలో లేదో చెప్తాను. చెప్పేటప్పుడు నా సంగతీ దాచను, ఎందుకంటే ఆవిడకి జరిగిన అన్యాయంలో మీట నొక్కిన వేలు నాది.

సొలాంజ్ నాకు పరిచయమైంది హాకీ వల్ల. తొంభై ఎనిమిది శీతాకాలంలో పార్కులో మంచుగడ్డ మీద ఆడుతుంటే రబ్బరు బిళ్ళ ఎగిరొచ్చి నా ముందుపళ్ళు రెండూ తీసుకుపోయింది. కట్టుడు పళ్ళ కోసం ఒంటారియో వీధిలో ఒక పళ్ళాయన దగ్గరికి వెళ్ళాను. అప్పుడే గేముల కంపెనీలో చేరాను. ఒక నావికుడి బొమ్మ చేత మాట్లాడించమని నాకు అప్పజెప్పారు. అది ఎంతకీ కుదరడం లేదు. పళ్ళాయన పిలిచేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని చేతి అద్దం తీసి, నావికుడి మాటలు అనుకుంటూ నోరు ఎలా కదులుతోందో చూసుకుంటున్నాను. మూలబల్ల దగ్గర పళ్ళు అరగదీస్తున్న ఆవిడ చేతిలో ఆకురాయి ఆపింది.

“ఏమయ్యా, దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నావా, ఒడ్డున పడ్డ చేపలా గాలి మింగుతున్నావా?”

“పని చేసుకుంటున్నానండీ. నా బొమ్మ ‘బాబూ, పడవ మునిగిపోయింది’ అనాలి.”

“అలాగా. పళ్ళు ఊడింది నీకా, నీ బొమ్మకా?”

“నాకేనండీ.”

“మరి పెదవులు ఉన్నాయిగా! బా అనాలన్నా, పా అనాలన్నా, మూ అనాలన్నా అవి కలవాలి. నువ్వేమో ప్రతి అక్షరానికీ తలుపు తీసినట్టు నోరు తెరుస్తున్నావు. మనిషి అలా మాట్లాడతాడా? సగం మాటలు మింగేస్తాడు. కలవాల్సిన చోట కలిపెయ్, మిగతాది కళ్ళు చూసుకుంటాయి.”

నేను ఆవిడ చెప్పినట్టు చేశాను. మర్నాటికి నావికుడు మాట్లాడాడు. పళ్ళు పెట్టించుకోవడానికి మళ్ళీ వెళ్ళినప్పుడు, ఇదంతా మీకెలా తెలుసని అడిగాను.

“మా అమ్మకి వినపడదు,” అంది. “మా నాన్నకీ వినపడేది కాదు. మా ఇంట్లో మాటంటే కంటికి కనపడాల్సిందే.”

వాళ్ళమ్మ అల్ఫోన్సీన్. సన్యాసినుల బడిలో పెరిగింది. ఆ రోజుల్లో ఆ బడిలో చేతులతో సైగలు చేస్తే వేళ్ళ మీద బద్దతో కొట్టేవారు. పెదవులు చూసి అర్థం చేసుకోవాలి, గొంతుతో మాట్లాడాలి, లేకపోతే అన్నం ఉండదు. అలా నేర్చుకుంది ఆ తల్లి. నేర్చుకున్నాక వీధికి అటువైపు బాల్కనీలో ఇద్దరు గుసగుసలాడుకుంటే ఇటువైపునుంచి చదివేసేది. గొంతు మాత్రం బయటివాళ్ళ ముందు ఎప్పుడూ వాడేది కాదు. చిన్నప్పుడు రొట్టెల కొట్లో ఎవరో నవ్వారట. ఆ నవ్వు ఆవిడకి వినపడలేదు, కనపడింది.

తండ్రి లూసియన్ అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. సొలాంజ్‌కి పదకొండో ఏట ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆసుపత్రిలో డాక్టరు తల్లితో మాట్లాడలేక పిల్లని పక్కకి పిలిచి చెప్పాడు. ఇంక లాభం లేదు, మీ అమ్మకి నువ్వే చెప్పు అన్నాడు. పదకొండేళ్ళ పిల్లకి! ఆ డాక్టరు పేరు తెలిస్తే ఇప్పటికైనా సమాధి వెతుక్కుంటూ వెళ్ళి నాలుగు తిట్టి వద్దును.

“చుట్టూ రోగులున్నారని గొంతు రాకుండా పెదవులతోనే చెప్పాను,” అంది సొలాంజ్ ఒకసారి. “ఏడుపొచ్చి నా పెదవులు వణికాయి. అమ్మ నా గడ్డం పట్టుకుని, సరిగ్గా కనపడలేదు, మళ్ళీ చెప్పు అంది. ఆ మాట నేను రెండుసార్లు చెప్పాల్సొచ్చింది గేతాన్. ఆరోజు ఒట్టు పెట్టుకున్నా. ఏ మాటైనా సరే, మొదటిసారే కనపడేలా చెప్పాలి.”

ఇది విన్నాక నేనింక ఊరుకోలేదు. పై వాళ్ళ వెంటపడి, బతిమాలి, కట్టుడు పళ్ళు చేసే ఆ నలభై ఏళ్ళ మనిషిని మా కంపెనీలో పెట్టించాను. కంప్యూటర్ నేర్చుకోవడానికి ఆవిడకి ఆరునెలలు పట్టింది. ముఖాలు నేర్చుకోవడానికి మాకందరికీ ఆరేళ్ళు పట్టింది. ఆవిడ బల్ల మీద పళ్ళాయన దగ్గర్నుంచి తెచ్చుకున్న గుండ్రటి అద్దం ఉండేది. మాట వినపడేదానికి రవ్వంత ముందే నోరు కదలాలనేది. మనిషి ముందు తలుచుకుంటాడు, తరవాత నోరు తెరుస్తాడు, ఆ తరవాత మాటొస్తుంది, ఈ వరస తప్పితే బొమ్మ శవంలా ఉంటుందనేది. ఎవరైనా దృశ్యం పూర్తయిందని చూపించబోతే చాలు, “ధ్వని కట్టెయ్,” అనేది. ధ్వని లేకుండా చూసినా బొమ్మ ఏం చెప్తోందో తెలియాలి. తెలియకపోతే పూర్తికానట్టే. కుర్రాళ్ళు దానికి అత్తగారి పరీక్ష అని పేరుపెట్టారు. ఆవిణ్ణి అత్తా అనే పిలిచేవారు, మొదట వెక్కిరింతగా, పోనుపోను మామూలుగా.

నేను మాత్రం ముఖాలు చేయడం నావల్ల కాదని మానుకుని, ఆట ముక్కలన్నీ కలిపి రోజూ సాయంత్రం ఒకటిగా కూర్చే యంత్రం చూసుకునే పనిలోకి మారాను. ఆ యంత్రం సంగతికి తరవాత వస్తాను.

అసలు మంట ఎక్కడంటే, మాది ఫ్రెంచి మాట్లాడే ఊరు. కంపెనీలో తిట్టుకునేది ఫ్రెంచిలో, తినేటప్పుడు మాట్లాడుకునేది ఫ్రెంచిలో. ఆటలో బొమ్మల నోళ్ళు మాత్రం ఇంగ్లీషులో కదలాలి. లోకమంతా అమ్మాలి కదా! ముందు ఇంగ్లీషు గొంతులు పట్టి, వాటికి పెదవులు కదిలించి, ఆ పెదవుల మీదే ఫ్రెంచి గొంతులు పరిచేవారు. కాలు ఒకడిది, చెప్పు ఇంకొకడిది. వినేవాళ్ళకి అది పెద్దగా తెలియదు. చూసి వినేవాళ్ళకి?

అల్ఫోన్సీన్ టీవీలో ఇక్కడ తీసిన నాటకాలే చూసేది. అమెరికా నుంచి తెచ్చి గొంతు మార్చిన సినిమా వస్తే, “మళ్ళీ నమిలేవాళ్ళు వచ్చారు,” అని లేచిపోయేది. వాతావరణం చెప్పేవాడు మీసం పెంచితే, నీ మీసం వల్ల మా వీధికి మంచు పడుతుందో లేదో తెలియడం లేదని టీవీవాళ్ళకి ఉత్తరం రాసిన మనిషి. కూతురు చేసిన ప్రతి ఆటా ఇంటికి తెచ్చి పెడితే, మర్యాదకి అయిదు నిమిషాలు చూసి అల్లిక తీసుకునేది.

“ఎలా ఉందే అమ్మా?” అని అడిగేది సొలాంజ్, తల్లికి ఎదురుగా కూర్చుని.

“బట్టలు బాగున్నాయి,” అనేది అల్ఫోన్సీన్.

“మాటలు?”

“నములుతున్నారే. ఏం చెప్పమంటావు? అందరూ చూయింగ్‌గమ్మే నములుతున్నారు.”

పదకొండేళ్ళు ఇదే జవాబు. సొలాంజ్ నవ్వుతూ మాకు చెప్పేది, మేమూ నవ్వేవాళ్ళం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది. జీవితమంతా తల్లికి లోకం చెప్పిన పిల్ల, తన సొంత పని ఒక్కటి చెప్పలేకపోయింది.

రెండువేల ఎనిమిదిలో నది ఆట మొదలైంది. ఒక పిల్ల, తప్పిపోయిన అన్న కోసం ఒక్కతే పడవలో పెద్దనది మీద పోతుంది. మొదట్లో నది ఒడ్డున దీపస్తంభం దగ్గర వాళ్ళమ్మ, ముసలావిడ, వీడ్కోలు చెప్తుంది. ఆ దృశ్యం ముప్ఫై ఎనిమిది సెకన్లు. ఆఖర్న ముసలమ్మ అనే మాట ఇది: “పాపా, పడవెక్కు. భయపడకు. అమ్మ ఇక్కడే ఉంటుంది.” ఇందులో పెదవులు ఆరుసార్లు కలవాలి. కావాలంటే అద్దం ముందు అని చూసుకోండి.

అదే శీతాకాలంలో అల్ఫోన్సీన్ కంట్లో మచ్చ పడింది. చూపుకి సరిగ్గా మధ్యలో. చుట్టూ అంతా కనపడుతుంది, దేన్ని చూద్దామంటే అదే కనపడదు. మరుసటేడు వేసవికి రెండో కంట్లోనూ మొదలైంది. ఎనభై ఆరేళ్ళు, సూదులు పొడిచినా పెద్దగా ఫలితం ఉండదు, క్రిస్మస్ దాకా కాస్త కనపడితే అదృష్టమే అన్నాడు కంటి డాక్టరు. చెవులు లేని మనిషికి కళ్ళు పోతే ఏం మిగులుతుందో ఆలోచించండి.

సొలాంజ్ లుడోవిక్ గదిలోకి వెళ్ళింది. లుడోవిక్ ఆ ఆటకి పెద్ద. ఏదో లెక్క చూపించడానికి నేనూ అక్కడే ఉన్నాను.

“ముసలమ్మ దృశ్యానికి ఫ్రెంచి పెదవులు విడిగా నేను చేస్తాను. చేత్తో,” అంది.

“ఎందుకత్తా? ఈసారి ఫ్రెంచికి యంత్రం వచ్చిందిగా. గొంతు విని అదే నోరు కదిలిస్తుంది. తొమ్మిదివేల మాటలు, ఒక్క పూటలో!”

“యంత్రం ఆ ముసలమ్మ గొంతు అందుకోలేదు. ఆ నటి లోగొంతులో మాట్లాడింది, వెనక గాలి హోరు. నోరు తెరుచుకునే ఉంటుంది, మూసుకోదు.”

“మూసుకోకపోతే కొంపలేం మునగవు. అసలు పెదవులు ఎవరు చూస్తారు చెప్పు?”

“మా అమ్మ చూస్తుంది.”

లుడోవిక్ పకపకా నవ్వాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా? “సరే అత్తా, మీ అమ్మ కోసం చేసుకో. కంపెనీ టైములో కాదు, నీ భోజనం టైములో.”

“అయ్యాక ఒక్కసారి అమ్మని ఇక్కడికి తీసుకొచ్చి చూపించనా? ఆవిడ చూపు...”

“బయటివాళ్ళు లోపలికి రాకూడదు, నీకు తెలుసుగా. నవంబర్లో విడుదల పండగ చేస్తాం, ఇంట్లోవాళ్ళందర్నీ పిలుస్తాం. అప్పుడు తీసుకురా, ముందు వరస ఇప్పిస్తా.”

ఏడువారాలు ఆవిడ మధ్యాహ్నం భోజనం మానేసింది. ఒక చేత్తో రొట్టెముక్క, ఇంకో చేత్తో పని. ముసలమ్మకి తల్లి ముఖం పెట్టలేదు గానీ తల్లి అలవాట్లు పెట్టింది. మాట మొదలుపెట్టే ముందు కింది పెదవి కాస్త లోపలికి నొక్కుకోవడం, ఎదుటివాళ్ళకి అర్థమైందో లేదో అని కళ్ళు రెప్ప వేయకుండా ఆగడం. అయ్యాక నన్ను పిలిచింది.

“ధ్వని కట్టెయ్ గేతాన్.”

కట్టేశాను. పెదవులు చదవడం నాకు రాదు. అయినా ఆ ముసలమ్మ చెప్పింది చెప్పినట్టు నాకు అర్థమైంది. ఆవిడ అద్దం వైపు తిరిగి ముక్కు చీదుకుంటుంటే నేను కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాను.

ఇక యంత్రం సంగతి. రోజూ సాయంత్రం అయిదింటికి అది ఆట మొత్తాన్ని కూరుస్తుంది. ఏ గొంతు మారిందో చూసి ఆ నోరు మళ్ళీ చేస్తుంది. చేత్తో చేసినదాని జోలికి పోకుండా నేను దానికొక తాళం వేస్తాను. ఫ్రెంచి మాటలు తొమ్మిదివేలలో తాళం ఉన్నది ఒక్కటే, సొలాంజ్‌ది. ఆఖరి వారం ఫ్రెంచి గొంతులు కాస్త సన్నగా వినపడుతున్నాయని అన్నిటినీ కొంచెం పెంచారు. ఒక్క మాట మారలేదు, ఒక్క అక్షరం మారలేదు, చప్పుడు పెరిగిందంతే. కానీ యంత్రానికి ఆ తేడా తెలీదు. అన్నీ మారాయనుకుని అన్నీ మళ్ళీ చేసింది. తాళం ఉన్న ఆ ఒక్కదాన్ని ముట్టుకోలేక, గొంతూ నోరూ పొంతన లేవని జాబితాలో ఎర్రగీత పెట్టింది. జాబితాలో ఎరుపుంటే పారిస్‌లో ప్రధాన కార్యాలయం ఆటని డిస్కుల ముద్రణకి పంపనివ్వదు.

శుక్రవారం అయిదింటికి లుడోవిక్ నా బల్ల దగ్గరికొచ్చాడు. “నిన్నటి జాబితాలో ఆ ఒక్క గీతేంటయ్యా?”

“అది సొలాంజ్ చేసింది. తప్పేమీ లేదు. విప్పి, మొదట్నించీ ఒక్కొక్క కదలికా గొంతుతో సరిచూసి, సరిగ్గానే ఉందని రాసిపెడితే గీత పోతుంది. రెండు గంటలు పడుతుంది.”

“రెండు గంటలా? తాళం తీసెయ్. మాటలు మారలేదుగా, యంత్రం మాత్రం ఏం పాడుచేస్తుంది?”

ఏం పాడుచేస్తుందో నాకు తెలుసు. లోగొంతు, గాలి హోరు, అన్నీ తెలుసు. కూర్చుంటే ఏడుంపావుకి అయిపోయేది. కానీ నా జేబులో ఆ సాయంత్రం హాకీ మ్యాచి టికెట్టుంది, ఆ సీజన్లో మొదటి మ్యాచి. అయిదుంపావుకి తాళం తీసి మీట నొక్కాను. గీత పోయింది. లుడోవిక్ నా భుజం తట్టాడు. నేను కోటు వేసుకుని మెట్రో వైపు పరిగెత్తాను.

సోమవారం సొలాంజ్‌కి చెప్పచ్చుగా? చెప్పలేదు. ముద్రణకి వెళ్ళిపోయింది, ఇంక చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఏమో, యంత్రం బాగానే చేసిందేమో అనుకున్నాను. ఒక్కసారి తెరిచి చూసుకునే ధైర్యం కూడా లేకపోయింది. పిరికితనానికి మనిషి పెట్టుకునే పేర్లు ఎన్నో.

విడుదల పండగ పాత సినిమాహాల్లో చేశారు. అల్ఫోన్సీన్ నీలం కోటు, ఈకున్న టోపీ పెట్టుకుని వచ్చింది. ముందు వరసలో కూర్చుని తల పక్కకి వంచింది. మచ్చ తప్పించుకుని కంటి కొసతో చూస్తోంది. సొలాంజ్ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను వాళ్ళ వెనక వరసలో ఉన్నాను.

దీపస్తంభం వచ్చింది. గాలి. ముసలమ్మ ముఖం తెరంతా నిండింది. నోరు తెరిచింది. ఇంకా తెరిచింది. పాపా అన్నచోట తెరిచే ఉంది. పడవ దగ్గర తెరిచే ఉంది. అమ్మ దగ్గర కూడా, అమ్మ అనడానికి కూడా ఆ పెదవులు కలవలేదు. గొంతు మాత్రం హాలంతా గంభీరంగా మోగింది. నా వెనకాల ఎవరో కళ్ళు తుడుచుకున్నారు కూడా. వినేవాళ్ళకేం?

అల్ఫోన్సీన్ తల ఇటు వంచింది, అటు వంచింది. ముందుకి జరిగింది. తప్పు తన కళ్ళదేననుకుంది పాపం. ఆ తరవాత కూతురి వైపు తిరిగి, బయటివాళ్ళ ముందు ఎన్నడూ వాడని ఆ గొంతుతో, అది ఎంత గట్టిగా వస్తోందో తెలియక, పెద్దగా అంది.

“సొలాంజ్! ఈవిడా నములుతోందే!”

హాలంతా తిరిగి చూసింది. కొందరు నవ్వారు. ఆ నవ్వు ఆవిడకి కంటి కొసలో కనపడే ఉంటుంది.

లుడోవిక్ గబగబా వచ్చి, వంగి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ ఏదో అన్నాడు. స్వాగతమన్నాడో, మీ అమ్మాయి మాకు గర్వకారణమన్నాడో. అల్ఫోన్సీన్ అతని నోటివంక కాసేపు చూసి, “ఇతను కూడా,” అంది కూతురితో.

సొలాంజ్ లేచింది. తెరకి వీపు పెట్టి, తల్లికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. కింది పెదవి కాస్త లోపలికి నొక్కుకుని, గొంతు లేకుండా ఆ మాట చెప్పింది. పాపా, పడవెక్కు. భయపడకు. అమ్మ ఇక్కడే ఉంటుంది. పెదవులు ఏమాత్రం వణకలేదు. మొదటిసారే కనపడేలా చెప్పింది. అల్ఫోన్సీన్ అర్థమైందని తల ఊపి, కూతురి గడ్డం పట్టుకుని వదల్లేదు. పైన తెరమీద పిల్ల పడవ కదిలిపోయింది, జనం చప్పట్లు కొట్టారు.

మర్నాడు నేనే వెళ్ళి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. మా ఊళ్ళో కోపమొస్తే చర్చిలో ఉండే గిన్నె, పెట్టె, పళ్ళెం ఏదీ వదలకుండా వాటి పేర్లే బూతులుగా వాడి తిడతాం. నన్ను నేను ముందే ఆ వరసంతా తిట్టుకుని వెళ్ళాను. ఆవిడ తిట్టలేదు.

“ఎన్నింటికి నొక్కావు?” అంది.

“అయిదుంపావుకి.”

“ఎందుకంత తొందర?”

“మ్యాచి ఉంది.”

“మనవాళ్ళు గెలిచారా?”

“ఓడిపోయారు.”

“ఆహా,” అంది. అద్దం కాగితంలో చుట్టుకుని సంచిలో పెట్టుకుంది. “నేను పదకొండేళ్ళ పిల్లని కాదు గేతాన్, రెండోసారి చెప్పే ఓపిక లేదు. ఆ లుడోవిక్ తెలియక చేశాడు. నువ్వు చూశావు. ధ్వని కట్టేసి మరీ చూశావు.”

ఆ రోజే రాజీనామా రాసి ఇచ్చి, ఒంటారియో వీధిలో పళ్ళాయన దగ్గరికి వెళ్ళిపోయింది. అతను పాత బల్లే ఇచ్చాడు. జనవరిలో ఇంగ్లీషు ముఖాలకి బహుమతి వచ్చింది. అవీ ఆవిడ చేసినవే.

నేను లుడోవిక్‌ని అడిగాను, ఆ ముప్ఫై ఎనిమిది సెకన్లు సరిచేసి పంపిద్దామని. అది ముగిసిపోయిన పని అన్నాడు. ఒక్క ఫిర్యాదు వచ్చిందా చూపించు అన్నాడు. రాలేదు. నాకొచ్చిన కోపానికి ఆ గాజుపెట్టె పగలగొట్టి ఉండాల్సింది. అదీ చేయలేదు. ఫిబ్రవరిలో ఆటలో చిన్నచిన్న లోపాలు దిద్ది ఆడేవాళ్ళందరికీ పంపే రోజొచ్చింది. పాత నిలవల్లోంచి సొలాంజ్ చేసిన ముఖం వెతికి, రెండుగంటలు కూర్చుని మొదట్నించీ చూసి, ఎవర్నీ అడక్కుండా అందులో పెట్టేశాను. తాళం వేశాను. పట్టుబడితే ఉద్యోగం ఊడుతుందని వారంరోజులు ఎదురుచూశాను. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ గమనించనే లేదు.

ఆదివారం ఆట తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. బయటి మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంది, కమ్మీ పట్టుకుని రెండో అంతస్తు ఎక్కాను. సొలాంజ్ తలుపు సగం తెరిచి నిలబడింది.

“ఏం కావాలి?”

“సరిచేశాను. ముసలమ్మని. నువ్వు చేసినట్టే పెట్టాను.”

“ఎవరికి?” అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకొచ్చినవాణ్ణి నేను. చలిలో అలాగే నిలబడ్డాను. చివరికి ఆవిడే పక్కకి తప్పుకుంది.

అల్ఫోన్సీన్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. అల్లిక లేదు. వెలుగెటుందో మాత్రం తెలుస్తోందట. నేను దగ్గరికి వెళ్తే మనిషి వచ్చినట్టు కూడా గుర్తుపట్టలేదు. సొలాంజ్ వెళ్ళి ఆవిడ ముందు పీట వేసుకుని కూర్చుంది. అల్ఫోన్సీన్ చెయ్యి దానంతటదే లేచి కూతురి నోటిమీదికి వచ్చింది. రెండు వేళ్ళు పై పెదవి మీద, రెండు కింది పెదవి మీద. ఇప్పుడు వాళ్ళింట్లో మాట అలా నడుస్తోంది.

నేను టీవీకి ఆట తగిలించాను. ధ్వని కట్టేశాను.

“అమ్మా, గేతాన్ వచ్చాడు. ముసలమ్మని సరిచేశాడట,” అంది సొలాంజ్ వేళ్ళకింద.

“ఏమంటోంది?” అంది అల్ఫోన్సీన్, నా ముందే, గొంతుతో.

సొలాంజ్ చెప్పింది. నిదానంగా, గొంతు లేకుండా. అల్ఫోన్సీన్ వేళ్ళు ఒక్కొక్కసారే దగ్గరయ్యాయి, విడిపోయాయి. ఆరుసార్లు. అయ్యాక ఆవిడ ముఖం విప్పారింది.

“బాగా చెప్పింది,” అంది. “ఈవిడ నమలట్లేదే. తెరమీద కూడా ఇలాగే ఉందా?”

“ఉందమ్మా,” అంది సొలాంజ్. ఆవిడ తెర వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. తల్లి ముఖమే చూస్తోంది. తెరమీది ముసలమ్మ పెదవులు ఆరుసార్లు కలవడం ఆ ఇంట్లో చూసింది నేనొక్కణ్ణే.